స్టేజి తెర బరువు ముందే లెక్కకట్టడం ఎలా?

"గుడ్డే కదా, ఎంత బరువుంటుందిలే" అని తెర కట్టేవాళ్లు తేలిగ్గా అనేస్తారు. పది మీటర్ల స్టేజికి కుచ్చులు పెట్టి కుట్టిన వెల్వెట్ తెర వంద కిలోలు దాటడం పెద్ద వింతేమీ కాదు. పైపు, తాళ్లు కొనే ముందే లెక్క తేల్చుకోండి.

మొదట గుడ్డ బరువు తెలియాలి. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములుంటుందో అదే జీఎస్ఎం. కొట్టువాళ్లు చెప్పలేకపోతే పది సెంటీమీటర్ల చదరపు ముక్క కత్తిరించి, బంగారం కొట్టులో తూయించండి. వచ్చిన గ్రాములను 100తో గుణిస్తే సరి: ముక్క 5 గ్రాములు తూగితే 500 జీఎస్ఎం. దిగుమతి వెల్వెట్‌కు బరువు తరచూ ఔన్సుల్లో చెబుతారు. అది 54 అంగుళాల పన్నా ఉన్న గజం గుడ్డ బరువైతే 22.6తో, చదరపు గజం బరువైతే 33.9తో గుణించాలి. ఏ గజమో అడగకుండా లెక్క మొదలుపెట్టొద్దు.

తర్వాత కొలత. వేలాడే తెర వెడల్పు కాదు, కుచ్చులు విప్పి పరిస్తే ఎంత గుడ్డ ఉంటుందో అది కావాలి. నిండు కుచ్చులకు వెడల్పు రెట్టింపవుతుంది, పలచటి కుచ్చులకు ఒకటిన్నర రెట్లు. ఉదాహరణకు పది మీటర్ల స్టేజికి, మధ్యలో రెండు భాగాలూ ఒకదానిపై ఒకటి పడేలా 11 మీటర్ల తెర అనుకుందాం. గుడ్డ 22 మీటర్లు. ఎత్తు 6 మీటర్లు, పైనా కిందా మడతలకు మరో 30 సెంటీమీటర్లు. 22 × 6.3 = 138.6 చదరపు మీటర్లు. 500 జీఎస్ఎం చొప్పున 69 కిలోలు. వెనక 150 జీఎస్ఎం లైనింగ్ వేస్తే మరో 21. కింద వేసే గొలుసు, పైన పట్టీ, హుక్కులు కలిపి ఆరేడు కిలోలు అనుకోండి. గొలుసు మాత్రం మీటరు ముక్క తూచి చూడటం మంచిది. మొత్తం సుమారు 97. దానిపై పది శాతం వేసుకుంటే 106.

ఆ పది శాతం సముద్రం పక్కనున్న మన విశాఖలో మరీ అవసరం. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడే నూలు తన బరువులో దాదాపు 8.5 శాతం నీళ్లు పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. మన వర్షాకాలం తేమ అంతకంటే ఎక్కువ. నూలు వెల్వెట్ అయితే ఇంకాస్త ఎక్కువే కలుపుకోండి.

ఇప్పుడు తెర వేలాడే పైపు. 40 ఎంఎం జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు మీటరు సుమారు 3.6 కిలోలు, 12 మీటర్లకు 43. తెర జరిగే ట్రాక్ కాకుండానే 150 కిలోల దగ్గరికి వచ్చాం.

పైపును వేలాడదీసే తాళ్లు మూడున్నాయని 150ని మూడుతో భాగించేస్తే తప్పు. రెండు చివరలా, సరిగ్గా నడుమా కడితే తెర మూసి ఉన్నప్పుడు నడిమి తాడు మీదే ఎనిమిదింట అయిదు వంతులు, అంటే 90 కిలోలకు పైగా పడుతుంది. తెర తీయగానే కథ మారుతుంది: చెరో 53 కిలోల గుడ్డ పక్కలకు పోగుపడి, చివరి తాళ్ల మీద భారం దాదాపు రెట్టింపవుతుంది. ప్రతి తాడుకూ దాని గడ్డుకాలం లెక్కే చూడాలి. కింద మనుషులుంటారు కాబట్టి తెగే బలం ఆ బరువుకు పది రెట్లు ఉండాలి. ముడి వేస్తే తాడు బలం సగానికి పడిపోవచ్చు, అదీ కలుపుకోండి. ఉప్పుగాలికి ఇనుప క్లాంపులు తుప్పు పడతాయి, ప్రతి సీజన్‌కూ ముందు చూడండి.

కళాభారతిలోనో, గురజాడ కళాక్షేత్రంలోనో వేసే నాటకమైతే పైపు ఎంత మోస్తుందో హాలువాళ్లనే అడగాలి, కంటిచూపుతో ఊహించకూడదు.

ఆర్కే బీచ్ దగ్గర ఆరుబయట స్టేజి అయితే ఈ బరువు కంటే గాలే పెద్ద సమస్య. గంటకు 36 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు ఆరు కిలోల చొప్పున నెడుతుంది. కింద కూడా బిగించిన 66 చదరపు మీటర్ల తెర మీద అది దాదాపు 400 కిలోల తోపు. అక్కడ తెర కట్టే ముందు ఇంజినీరును పిలవండి, గాలి పెరిగితే వెంటనే దించేయడానికి ఒక మనిషిని పెట్టండి.