సీమలో జానపదం వినాలంటే ముందు పంచాంగం కొనండి

అనంతపురంలో మాకు మైకుసెట్టు ఉంది. మా నాయన కాలం నుంచి చెక్కభజనలకు, తోలుబొమ్మలాటలకు, పీర్ల పండగలకు బాకాలు కడుతున్నాం. అది తెలిసి బెంగళూరులో ఉద్యోగాలు చేసే మన పిల్లలు ఫోన్ చేస్తుంటారు. "అన్నా, ఈ శని ఆదివారాలు మన దిక్కు ఫోక్ ప్రోగ్రాం యాడుంది? టికెట్ ఎంత?" అని. టికెట్ లేదప్పా, చాలాసార్లు హాలు కూడా ఉండదు. ఏ తిథికి ఏ దేవుడి ముందర ఏం ఆడతారో తెలుసుకుంటే చాలు, పాట దొరుకుతుంది. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

గోడ క్యాలెండర్ అయినా సరే, ఒకటి తెచ్చుకుని పెన్నుతో గుర్తులు పెట్టుకోండి. ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి తేరు. చైత్రంలో ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం, అది రాత్రిపూట వెన్నెల్లో జరుగుతుంది. వైశాఖ శుద్ధ దశమికి కందిమల్లాయపల్లె బ్రహ్మంగారి మఠంలో ఆరాధన. శ్రావణంలో గుంతకల్లు పక్కన కసాపురం ఆంజనేయస్వామి, కౌతాళం దిక్కు ఉరుకుంద ఈరన్న. అదే నెలలో మంత్రాలయం ఆరాధన, అక్కడ కన్నడ దాసుల పదాలు వినొచ్చు. దసరాకు దేవరగట్టు. పీర్ల పండగ, దర్గా ఉరుసులు మాత్రం ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంటాయి కాబట్టి వాటికి ఉర్దూ క్యాలెండర్ చూడాలి.

ఇవన్నీ పెద్ద తేదీలు. అసలు పాట తేరు రోజు దొరకదు. ఆ రోజు జనం తోపులాట, పోలీసుల విజిళ్లు, తప్పిపోయిన పిల్లల గురించి అనౌన్స్‌మెంట్లు తప్ప చెవిన ఏమీ పడదు. తేరుకు ముందు రాత్రులో, తేరు అయిన మర్నాడో వెళ్లండి. ఇంకా మంచిది, పేరు లేని చిన్న ఊరి తిరుణాల పట్టుకోండి. వాటి కరపత్రాలు బస్టాండు టీ అంగళ్ల గోడలమీద అంటించి ఉంటాయి. పేపర్ల జిల్లా పేజీల్లోనూ వస్తాయి. కాకపోతే 2022లో జిల్లాలు విడదీశాక కదిరి, ధర్మవరం, హిందూపురం వార్తలు శ్రీ సత్యసాయి జిల్లా పేజీల్లోకి, ఆళ్లగడ్డ, బనగానపల్లె, శ్రీశైలం నంద్యాల పేజీల్లోకి పోయాయి. అనంతపురం, కర్నూలు పేజీలు మాత్రమే చూసేవాళ్లకు సగం తిరుణాలలు తెలియకుండానే అయిపోతాయి.

కరపత్రం చదవడం కూడా నేర్చుకోవాలి. 'సాంస్కృతిక కార్యక్రమాలు' అని మాత్రమే రాసుంటే నూటికి తొంభై పాళ్లు సినిమా పాటల ఆర్కెస్ట్రా. నాకు అదీ గిరాకీయే, చెడ్డమాట అనను, కానీ మీరు వెతికేది అది కాదు. 'చెక్కభజన', 'పండరి భజన', 'కోలాటం' అని విడిగా రాసి, పక్కన ఫలానా ఊరి బృందం అని ఉంటే అక్కడికి వెళ్లండి. 'భజన పోటీలు' అని ఉంటే మరీ మంచిది. నాలుగైదు ఊళ్ల బృందాలు ఒకే రాత్రి వస్తాయి, ఎవరికి వారు పట్టుదలగా ఆడతారు. ఎద్దుల బండలాగుడు పోటీలు ఉన్న ఊళ్లో రాత్రికి భజన ఉందేమో అడగండి, చాలాచోట్ల ఉంటుంది.

కరపత్రంలో రాత్రి 8 గంటలకు అని ఉంటే పదిన్నర అని చదువుకోవాలి. దేవుడి ఊరేగింపు కావాలి, అన్నాలు తినాలి, సర్పంచి రావాలి. మొదటి గంట వినాయకుడి మీద, గురువు మీద పాడుతూ కాళ్లు వేడి చేసుకుంటారు. అర్ధరాత్రి దాటాక, మొక్కుబడికి వచ్చినవాళ్లు ఇళ్లకు పోయాక, మిగిలినవాళ్ల కోసం పాడేదే పాట. కాబట్టి తిరుగు ప్రయాణం సంగతి ముందే చూసుకోండి. ఆ ఊరికి నైట్‌హాల్ట్ బస్సు ఉందేమో డిపోలో అడగండి. రాత్రికి ఊళ్లోనే నిలిచి తెల్లవారుజామున బయల్దేరే బస్సు అది. మీలాంటి వాళ్లకు అంతకన్నా పనికొచ్చేది లేదు. ఒక దుప్పటి, టార్చిలైటు, నీళ్లు తెచ్చుకోండి. పొద్దున్నే టౌన్లో దిగి ఉగ్గాని బజ్జీ తిని పడుకోవచ్చు.

ఇక చెక్కభజన. కొత్తగా వినేవాళ్లు దీంతోనే మొదలుపెట్టాలని నేను చెబుతాను. చెక్క అంటే అరచేతిలో పట్టే రెండు కొయ్య పలకలు, వాటి మధ్య ఇత్తడి బిళ్లలు ఉంటాయి. ఒక పలక బొటనవేలికి, రెండోది మిగతా వేళ్లకు తగిలించుకుని ఆడిస్తారు. నడుమ గురువు తాళాలు పట్టుకుని పాట అందుకుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు అదే మాటను తిరిగి అందుకుంటూ అడుగు వేస్తారు. వరుస నెమ్మదిగా మొదలై ఎక్కడ పెరిగిందో తెలియకుండా పెరుగుతుంది. మీరు పాడేవాడి నోరు చూడకండి, గురువు చేతులు చూడండి. అడుగు మారే ముందు ఆయన తాళం గట్టిగా పడుతుంది. ఆ దెబ్బకు ఇరవై జతల గజ్జెలు ఒక్కసారి ఆగి, మళ్లీ ఒక్కసారి లేస్తాయి. ఆ ఆగడం దగ్గరే బృందం ఎంత సాధన చేసిందో తెలిసిపోతుంది. ఎవరి గజ్జె అయినా ఒక్కటి ఆలస్యంగా మోగిందా, మా జనరేటర్ దగ్గర కూర్చున్న ముసలాయన "కొత్త పిల్లోడప్పా" అనేస్తాడు.

కూర్చునే చోటు గురించి నా వృత్తి సలహా. బాకాకు ఎదురుగా కూర్చోవద్దు. అందరూ ముందర చోటు దొరికిందని అక్కడే కూర్చుంటారు. మైకులో గొంతు మాత్రమే వస్తుంది, చెక్కలు, గజ్జెలు దుమ్ములో కలిసిపోతాయి. మైకుకు పక్కగా, డోలు కొట్టేవాడి వైపు, పది పదిహేను అడుగుల దూరంలో కూర్చోండి. అక్కడ చర్మం మోత మైకు లేకుండానే వినిపిస్తుంది. తప్పెట బృందం ఉంటే ఇంకాస్త ముందే వెళ్లి వాళ్లు గడ్డిమంట వేసి తప్పెటలు కాచుకోవడం చూడండి. మంటకు చూపిస్తారు, వేలితో మీటుతారు, చాలకపోతే మళ్లీ చూపిస్తారు. చలికాలం మంచుకు చర్మం వదులైపోతుంది కాబట్టి నడిరాత్రి ఆట ఆపి ఇంకోసారి కాచాల్సి వస్తుంది. ఆ విరామంలోనే కళాకారులతో మాట్లాడటానికి వీలు.

పీర్ల పండగకు మా జిల్లాలో గూగూడుకు మించింది లేదు. నార్పల మండలం, కుళ్లాయిస్వామి. పండగలో ముఖ్యమైన పెద్ద సరిగెత్తు రాత్రి జనం ఎక్కువ, నిప్పుల గుండం దగ్గరికి చేరడం కష్టం. అంతకుముందు రోజుల్లో సాయంత్రం వెళ్తే గుండం చుట్టూ తిరుగుతూ అడుగేస్తూ పాడేవాళ్లను దగ్గరగా వినొచ్చు. హసన్, హుసేన్‌ల కథ, కర్బలా యుద్ధం అంతా తెలుగులోనే పాడతారు. పాడేవాళ్లలో హిందువులే ఎక్కువ. ఇక్కడ చప్పట్లు కొట్టకండి, అది దుఃఖం పాట. కడప పెద్ద దర్గా ఉరుసు ఇంకో దారి, అక్కడ రాత్రి ఖవ్వాలీ. ఏ.ఆర్. రెహమాన్ వస్తాడని చాలామంది ఆయన కోసమే వస్తారు. మీరు ఖవ్వాలీ కోసం రండి, తలకు గుడ్డ కట్టుకుని ఓ పక్కన కూర్చోండి.

తోలుబొమ్మలాట అంటే ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చాక ఆ ఊరి పేరు అందరికీ తెలిసింది. పగటిపూట పోతే ఇళ్లలో లాంప్ షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేస్తూ కనిపిస్తారు. ఆ పనే ఇప్పుడు వాళ్లకు అన్నం పెడుతోంది, కొనాలనిపిస్తే వాళ్ల దగ్గరే కొనండి. ఆట ఎక్కడ ఉందో కూడా వాళ్లనే అడగాలి, ఊరూరా పిలిచినచోటికి వెళ్తారు. బొమ్మలాటను చూసేవాళ్లే ఎక్కువ గానీ అది సగం సంగీతం. తెర వెనక హార్మోనియం, మృదంగం, తాళాలు ఉంటాయి. కాళ్ల కింద చెక్కలు వేసుకుని యుద్ధం వచ్చినప్పుడు దబదబ తొక్కుతారు. ఒక్క మనిషే రాముడికి ఒక గొంతు, రావణుడికి ఒక గొంతు, నవ్వించే జుట్టుపోలిగాడికి ఇంకో గొంతు పెడతాడు. కాసేపు ముందు కూర్చుని, తర్వాత అడిగి తెర వెనక్కి వెళ్లండి. మర్యాదగా అడిగితే కాదనేవాళ్లను నేను చూడలేదు. వాళ్లలో వాళ్లు మరాఠీ మాట్లాడుకుంటుంటే ఆశ్చర్యపోకండి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో నాటకం వేసి సురభి సమాజానికి నాంది పలికిన వనారస వాళ్లూ తోలుబొమ్మలాడించిన కుటుంబమే.

దేవరగట్టుకు కర్రల సమరం చూద్దామని వెళ్లేవాళ్లకు నేను ఏమీ చెప్పను, ఏటా తలలు పగులుతున్నాయని పేపర్లో చదువుతూనే ఉన్నారు. గొరవయ్యలనే శివభక్తుల ఆటపాట కోసం వెళ్లేవాళ్లు పగటిపూట వెళ్లండి. ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, చేతిలో ఢమరుకం, పిల్లనగ్రోవి, నల్ల కంబళి. చిన్న వాయిద్యమే అయినా ఆ ఢమరుకం నాలుగు వీధుల అవతలికి వినిపిస్తుంది. ఉరుము అనే తోలు వాయిద్యం వాయించే ఉరుముల వాళ్లు మా అనంతపురం సొత్తు. ఆ వాయిద్యానికి ఒకవైపు పుల్లతో రుద్దుతారు, ఆ గురగురను ఏ మైకూ సరిగా పట్టలేదు, ఎదురుగా నిలబడి వినాల్సిందే.

తత్వాలు ఇష్టమైతే బ్రహ్మంగారి మఠం ఆరాధన రోజుల్లో పెద్ద పందిరి వదిలేసి సత్రాల అరుగుల వైపు తిరగండి. తంబూర, చిడతలు పట్టుకుని ఇద్దరు ముగ్గురు కూర్చుని పాడుకుంటుంటారు. హిందూపురం దిక్కు భజనల్లో కైవారం తాతయ్య తత్వాలు వింటారు. కైవారం ఉన్నది కర్ణాటకలో, కానీ ఆయన తెలుగులోనూ రాశాడు.

హాళ్లు బొత్తిగా లేవని కాదు. అనంతపురంలో లలితకళా పరిషత్, కర్నూలు సి.క్యాంపులో టీజీవీ కళాక్షేత్రం ఉన్నాయి. పద్యనాటకం రాగం తీసే గొంతులు కావాలంటే అక్కడికి వెళ్లండి. జానపదం వేదిక ఎక్కితే పది నిమిషాలకు కుదిస్తారు, నాకు అది నచ్చదు.

ఒక రకం పాటకు మాత్రం నేను బాకా కట్టింది లేదు. చెనక్కాయ చెట్లు పీకేటప్పుడు ఆడవాళ్లు పాడేవి, సంక్రాంతి నెలలో గొబ్బి చుట్టూ పాడేవి, వాన రాకపోతే కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిరుగుతూ పాడేవి. వీటికి కరపత్రం ఉండదు. మీ అవ్వను, మేనత్తను అడగండి. "నాకేం వస్తాయిలే" అంటారు. మీరు బలవంతం చేయొద్దు, పక్కన కూర్చుని కాయలు ఒలవండి. ఒకామె మొదటి మాట తప్పు పాడితే రెండో ఆమె ఊరుకోలేక సరిదిద్దుతుంది, అక్కడి నుంచి ఆగవు.

ఫోన్లో రికార్డు చేసుకునేవాళ్లకు రెండు మాటలు. తప్పెట దగ్గరగా పెడితే మోత పగిలిపోతుంది, ఇరవై అడుగులు వెనక్కి రండి. ముందు రెండు నిమిషాలు తీసి, విని, చోటు మార్చుకోండి. దయచేసి ఫోన్‌ను నా ఆంప్లిఫయర్ మీద పెట్టకండి, కాల్ వచ్చిందంటే ఊరంతా జిర్రుమంటుంది. వీడియో పదిమందికి పంపాలనుకుంటే గురువును అడిగి పంపండి. పంపేటప్పుడు 'సూపర్ ఫోక్' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ ఊరి బృందం, గురువు పేరు, ఏ ఆట, ఏ తిరుణాలలో తీశారు, ఈ నాలుగూ రాయండి. అది చూసి ఇంకో ఊరివాళ్లు వాళ్లను పిలిచిన సందర్భాలు ఉన్నాయి. నాకు ఫోన్ చేసి "ఆ వీడియోలో పాడినాయన ఎవరప్పా" అని అడుగుతారు, పేరుంటే వెంటనే చెప్పగలను.

డబ్బు సంగతి. చదివింపులు మైకులో చదివిస్తే మీ పేరు వినపడుతుంది, బాగుంటుంది. కానీ ఆ డబ్బు ఒక్కోచోట కమిటీ చేతుల్లోకి పోతుంది. కళాకారుడికే అందాలంటే ఆట అయ్యాక గురువు చేతిలో పెట్టండి. మీ ఇంట్లో పెళ్లికో గృహప్రవేశానికో పిలిచేటట్టయితే ఎంతమంది వస్తారు, బండి బాడుగ ఎవరిది, రాత్రి భోజనం, పడక ఎక్కడ అన్నది ముందే మాట్లాడుకుని సగం అడ్వాన్సు ఇవ్వండి. డీజే పెట్టిన రాత్రే భజన కూడా పెట్టకండి, రెండింటికీ కరెంటు చాలదు.