యూరికేజ్ ఎక్కించే ముందు: శాంపిల్ మొదట, రక్తం తర్వాత

పోయిన వారం మా వార్డులో లుకేమియాతో చేరిన ఒక అబ్బాయికి కీమోకి ముందు రాస్‌బురికేజ్ (మందుగా ఇచ్చే యూరికేజ్ ఎంజైమ్) ఎక్కించాం. మర్నాడు తెల్లవారుజామున వాళ్ల నాన్న మూత్రం సీసాని కిటికీ వెలుతురులో ఎత్తి పట్టుకుని చూపించారు. టీ డికాక్షన్ రంగు. అబ్బాయి పెదాలు అప్పటికే నీలంగా మారుతున్నాయి. ఫైల్లో జీ6పీడీ (ఎర్ర కణాల్ని కాపాడే ఎంజైమ్) రిపోర్టు మాత్రం నార్మల్ అనే ఉంది. కానీ ఆ శాంపిల్ తీసింది రెండు యూనిట్ల రక్తం ఎక్కించిన తర్వాత! ఆ నార్మల్‌లో సగం దాతలదే. నాలుగు రోజులు ఐసీయూలో ఉండి ఎలాగో గట్టెక్కాడు.

యూరిక్ యాసిడ్‌ని విరగ్గొట్టే యూరికేజ్ ఎంజైమ్ చాలా జంతువులకి పుట్టుకతోనే ఉంటుంది. మనకీ, గొరిల్లా, చింపాంజీ లాంటి వాటికీ ఆ జన్యువు ఏనాడో పాడైపోయింది. అందుకే మందుగా ఇవ్వాల్సి వస్తోంది. కీమోతో క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా చచ్చి యూరిక్ యాసిడ్ పెరిగిపోతే కిడ్నీలు దెబ్బతింటాయి. ఈ ఎంజైమ్ దాన్ని అలంటోయిన్‌గా మారుస్తుంది. అలంటోయిన్ 5 నుంచి 10 రెట్లు ఎక్కువగా కరుగుతుంది, మూత్రంలో సులువుగా పోతుంది. అయితే అలా మార్చేటప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పుడుతుంది. దాన్ని తట్టుకోవాలంటే ఎర్ర కణానికి జీ6పీడీ ఉండాలి. అది తక్కువైతే కణాలు పగిలిపోతాయి, హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేని మెథ్‌హిమోగ్లోబిన్‌గా మారుతుంది.

అలర్జీకి సిద్ధంగా ఉండాలని అందరికీ తెలుసు, అది వదిలేస్తున్నాను. మనుషుల్ని ముంచేది వేరే తప్పు. టెస్టు చేయకపోవడం ఒక్కటే కాదు, ఆలస్యంగా చేయడం. రక్తం తక్కువగా ఉందని అడ్మిషన్ రోజే ఎక్కించేస్తాం, జీ6పీడీ గుర్తొచ్చేసరికి మర్నాడవుతుంది. అప్పుడు శాంపిల్‌లో దాత కణాలు కలిసిపోయి ఉంటాయి. కణాలు పగలడం మొదలయ్యాక తీసినా ఇదే మోసం, ఎందుకంటే కొత్తగా పుట్టిన కణాల్లో జీ6పీడీ ఎక్కువగా ఉంటుంది. కాబట్టి రక్తం ఎక్కించకముందే శాంపిల్ తీయండి.

ఇప్పటికే రక్తం ఎక్కించేసి ఉంటే ఆ సంగతి ఫారం మీద రాయండి, నార్మల్ అని వచ్చినా నమ్మకండి. ఇంట్లో వాళ్లని అడగండి: పుట్టగానే కామెర్లు బాగా వచ్చాయా? మలేరియా మందు వేసుకున్నాక మూత్రం నల్లబడిందా? అమ్మ తరఫు మగవాళ్లలో ఎవరికైనా ఇలా జరిగిందా? ఈ లోపం మగపిల్లల్లోనే ఎక్కువ, అయినా ఆడపిల్ల కదా అని ఈ ప్రశ్నలు వదిలేయకండి. అనుమానం ఉంటే సీనియర్‌ని పిలవండి. సెలైన్, అల్లోపురినాల్‌తో (యూరిక్ యాసిడ్ తయారీని తగ్గించే మాత్ర) నెట్టుకురావడం కుదురుతుందేమో వాళ్లు చూస్తారు.

ఇక మిగతావి.

సీసాని కుదపకండి. నార్మల్ సెలైన్‌లోనే కలపండి, గ్లూకోజ్‌లో వద్దు. ఫిల్టర్ పెట్టకండి. వేరే లైన్‌లో, 30 నిమిషాల పాటు ఎక్కించండి. ఒక్కసారిగా తోయొద్దు.

యూరిక్ యాసిడ్ శాంపిల్‌ని ముందే చల్లబరిచిన హెపారిన్ ట్యూబులో తీసి, వెంటనే ఐస్‌లో పెట్టి పంపండి. నాలుగు గంటల్లోపు టెస్టు అయిపోవాలి. బల్ల మీద వదిలేస్తే ఎంజైమ్ ట్యూబులో కూడా పని చేస్తూనే ఉంటుంది, ఒంట్లో నిజంగా లేని తగ్గుదల రిపోర్టులో కనిపిస్తుంది.

యూరిక్ యాసిడ్ పడిపోయిందని పొటాషియం చూడటం మానకండి, చచ్చిన కణాల నుంచి అదీ బయటికొస్తుంది.

పల్స్ ఆక్సిమీటర్ 85 దగ్గర ఆగిపోయి, ఆక్సిజన్ పెట్టినా కదలకపోతే మెషీన్‌ని తిట్టకండి. రక్తం రంగు చూడండి. చాక్లెట్ రంగులో ఉంటే మెథ్‌హిమోగ్లోబిన్ టెస్టుకి పంపండి.

అప్పుడు అలవాటు కొద్దీ మిథిలీన్ బ్లూ (మెథ్‌హిమోగ్లోబిన్‌కి మామూలుగా ఇచ్చే మందు) అందుకోకండి. జీ6పీడీ తక్కువున్న మనిషికి అది ఇంకో దెబ్బ. సీనియర్ వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దు.

గౌట్‌కి (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల జబ్బు) పెగ్లోటికేజ్ అనే ఇంకో యూరికేజ్ ఇచ్చేవాళ్లకీ ఇదే మాట: రక్తం ఎక్కించకముందే జీ6పీడీ. ప్రతి డోసుకి ముందు యూరిక్ యాసిడ్ చూడండి. పక్కన అల్లోపురినాల్ వాడనివ్వకండి, పెగ్లోటికేజ్ పనిచేయడం మానేసినా యూరిక్ యాసిడ్ లెక్కలో తెలియదు.

ప్రతి డోసు ముందు మూత్రం రంగు మీ కళ్లతో చూడండి. నల్లబడితే డ్రిప్ ఆపేయండి. ఆ మనిషికి ఈ మందు మళ్లీ ఎప్పటికీ ఇవ్వొద్దని కేస్ షీట్ మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాయండి, ఇంటివాళ్లకి కూడా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.