కిట్టులో క్లోరిన్ బాగానే ఉంది, పూల్ నీళ్ళు మాత్రం పచ్చబడ్డాయి: ఎందుకు?

మే నెలలో పూల్ నడిపేవాళ్ళ నుంచి నాకొచ్చే ఫోన్లలో సగం ఒకే మాటతో మొదలవుతాయి. "క్లోరిన్ వేస్తూనే ఉన్నామండీ, అయినా నీళ్ళు పచ్చబడుతున్నాయి." నేను అడిగేదీ ఒకటే: ఇవాళ పొద్దున, పిల్లలు దిగకముందు, నీళ్ళు కొలిచే కిట్టు పెట్టి చూశారా? అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత "మొన్న చూశామండీ" అంటారు. మొన్నటి రీడింగు మొన్నటి నీళ్ళది. ఫ్రీ క్లోరిన్, అంటే ఇంకా పాడవకుండా పనికొచ్చే క్లోరిన్, 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఇన్ని పాళ్ళు), నీళ్ళ ఆమ్ల, క్షార గుణం చెప్పే పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. గట్టు మీద నిలబడి చూస్తే లోతు వైపు అడుగున ఉన్న జాలీ స్పష్టంగా కనపడాలి. కనపడకపోతే గేటు తీయొద్దు. అడుగున మునిగిన పిల్లాడు కూడా కనపడడు కాబట్టి.

కళ్ళు మంట, ఘాటు వాసన

క్లోరిన్ ఎక్కువైందని అందరూ తగ్గించేస్తారు. చాలాసార్లు జరిగింది దానికి ఉల్టా. చెమట, మూత్రంతో కలిసి పాడైపోయిన క్లోరిన్ వాసన అది. పసుపు రంగు వచ్చే పాత కిట్టు మంచి క్లోరిన్‌నీ పాడైన క్లోరిన్‌నీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది, దాన్ని పక్కన పెట్టండి. గులాబి రంగు వచ్చే డీపీడీ కిట్టుతో ఫ్రీ, టోటల్ (మంచిదీ పాడైందీ కలిపి) విడివిడిగా చూడండి. తేడా 0.4 పీపీఎం దాటితే రాత్రి పూల్ మూసేసి, ఆ తేడాకి పదిరెట్లు క్లోరిన్ వెయ్యండి. పొద్దున మళ్ళీ కొలిచి, 3 కిందికి దిగాకే జనాన్ని రానివ్వండి. స్నానం చేయకుండా దూకేవాళ్ళని ఆపకపోతే వారానికోసారి ఇదే పని.

వాసన గుప్పుమంటున్నా డీపీడీ గొట్టంలో రంగే రాకపోతే, క్లోరిన్ లేదని ఇంకో డబ్బా పోయకండి. 10 పీపీఎం దాటితే ఆ గులాబి రంగు విరిగిపోతుంది. శాంపిల్లో బాటిల్ నీళ్ళు కలిపి మళ్ళీ చూడండి.

క్లోరిన్ వెయ్యగానే నీళ్ళు టీ రంగు

బోరు నీళ్ళలో ఇనుము. ఫిల్టర్ ఆపకుండా తిప్పి, బ్యాక్‌వాష్ (నీళ్ళు వెనక్కి తిప్పి ఫిల్టర్ కడగడం) చేస్తూ ఉంటే పోతుంది. వరదల్లో వచ్చే ఎర్రనీరైతే పటికతో విడిగా తేర్చాకే పూల్లోకి వదలాలి. ఈ రెండిటికీ ఇంతకు మించి చెప్పడానికేం లేదు.

క్లోరిన్ 2 చూపిస్తోంది, గోడలు మాత్రం పాచి

నన్ను నిలువునా ముంచింది ఇదే. చాలా ఏళ్ళ కిందట ఓ మున్సిపల్ పూల్‌లో కిట్టు బంగారంలా చూపిస్తుంటే పాచి మందు మీద పాచి మందు పోయించాను. మూడో వారానికి గోడలు చేత్తో రాస్తే జారిపోతున్నాయి. అసలు దొంగ క్లోరిన్ బిళ్ళల్లోనే ఉంది.

మన దగ్గర ఎక్కువగా వాడేది టీసీసీఏ 90 (ట్రైక్లోరో ఐసోసయనూరిక్ యాసిడ్) బిళ్ళ. అందులో క్లోరిన్‌తో పాటు సయనూరిక్ యాసిడ్ ఉంటుంది. ఎండకి క్లోరిన్ ఎగిరిపోకుండా కాపాడేది అదే, కొంచెం ఉండాలి, 30 నుంచి 50 పీపీఎం. సమస్య ఏమిటంటే క్లోరిన్ ఖర్చవుతుంది, ఇది అవ్వదు. నీళ్ళు ఆవిరైపోతాయి, ఇది మాత్రం అక్కడే ఉండిపోతుంది. పైన నీళ్ళు కలిపితే తగ్గుతుందని అనుకుంటారు. ఆవిరైన లోటే పూడుతుంది తప్ప యాసిడ్ తగ్గదు.

లెక్క వేసి చూడండి. 25 మీటర్ల పొడవు, పన్నెండున్నర మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతు పూల్ అంటే సుమారు 4.7 లక్షల లీటర్లు. కిలో టీసీసీఏలో సుమారు 550 గ్రాముల సయనూరిక్ యాసిడ్ వస్తుంది. అంటే కిలోకి 1.2 పీపీఎం కంటే కాస్త తక్కువ. రోజుకి రెండు కిలోలు వేస్తే అరవై రోజుల్లో 140. అప్పుడు కిట్టులో కనపడే 2 పీపీఎంలో చాలా భాగం ఈ యాసిడ్ పట్టుకు కూర్చున్నదే, పాచిని గానీ సూక్ష్మక్రిములను గానీ చంపడానికి మిగిలేది చాలా తక్కువ. కిట్టు అబద్ధం చెప్పదు, కానీ పూర్తి నిజమూ చెప్పదు.

మన గోదావరి డెల్టాలో ఇది సరిగ్గా మే నెలలోనే ఎందుకు ముదురుతుందంటే, దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక కాలువలకి నీళ్ళు కట్టేస్తారు. పిల్లలకి సెలవులు, పూల్‌కి రద్దీ, కొత్త నీళ్ళు లేవు. తీరం వైపు ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పు నీళ్ళు. దాంతో పాత నీళ్ళలోనే బిళ్ళలు గుమ్మరిస్తారు.

సయనూరిక్ యాసిడ్ కొలిచే కిట్టు వేరు. పూల్ నీళ్ళు, మెలమైన్ మందు సమానంగా కలిపి, అడుగున నల్ల చుక్క ఉన్న గొట్టంలో పోస్తూ పోతే ఎక్కడ చుక్క మాయమవుతుందో అక్కడి అంకె చదవాలి. 100 దాటిందని అనిపిస్తే సగం మంచినీళ్ళు కలిపి కొలిచి రెట్టింపు చెయ్యండి. ఈ కిట్టు కొనని పూల్ మీద నేను మాట ఇవ్వను.

తగ్గించే దారి ఒక్కటే, నీళ్ళు మార్చడం. 140 ఉంటే సగం తీసి కొత్తవి నింపితే 70, మళ్ళీ సగం మారిస్తే 35. మొత్తం ఒకేసారి ఖాళీ చెయ్యకండి. మన నేలలో నీటి మట్టం పైకే ఉంటుంది, ముఖ్యంగా వర్షాల్లో ఖాళీ పూల్ కింది నుంచి నీటి ఒత్తిడికి లేచి పగులుతుంది. కాలువలు కట్టేశాక ఇది తెలిసిందా, అప్పుడు చేయగలిగింది తక్కువ: బిళ్ళలు ఆపి, వచ్చే జనాన్ని తగ్గించి, అడుగు కనపడకపోతే మూసేసి, నీళ్ళొచ్చేదాకా ఆగడం. అందుకే ఆ సగం నీళ్ళు మార్చే పని మార్చిలోనే పెట్టుకోండి.

కొత్త నీళ్ళలో ఆ సైజు పూల్‌కి సుమారు 25 కిలోల బిళ్ళలు వాడేసరికి సయనూరిక్ 30కి చేరుతుంది. అక్కణ్ణుంచి లిక్విడ్ క్లోరిన్‌కో, బ్లీచింగ్ పౌడర్ తేటకో మారండి. పీహెచ్ పెరుగుతుంది, చూసుకుంటూ ఉండండి. బ్లీచింగ్‌నీ టీసీసీఏనీ ఒకే గిన్నెలో, ఒకే చెంచాతో ముట్టకండి. రెండూ కలిస్తే మంట, విషవాయువు.

రాగి ఉన్న పాచి మందు ఎక్కువై నీళ్ళు పచ్చగా మెరవడం, ఫిల్టర్‌లో ఇసుక తెగిపోయి బయటికి రావడం నేను ఒకటి రెండుసార్లే చూశాను, వెతుక్కోకండి. కేరళలో మెదడు తినే అమీబా వార్తలు చూసి అడిగేవాళ్ళకీ నా జవాబు ఇదే, ముందు ఆ నల్ల చుక్క గొట్టం తీయండి.

తీసిన నీళ్ళని పంట కాలువలోకీ, పక్కింటి రొయ్యల చెరువు వైపుకీ వదలకండి. రెండు రోజులు బిళ్ళలు ఆపి ఎండకి వదిలేసి, అయినా క్లోరిన్ కనపడితే సోడియం థయోసల్ఫేట్ వేసి విరిచాకే వదలండి. అది భీమవరం వైపు ఆక్వా మందుల షాపుల్లో దొరుకుతుంది.