టెర్మినల్ సాధన, 4వ పాఠం: కంటెయినర్‌లో కంట్రోల్-పి ఎక్కడ ఆగిపోతోంది?

కిందటి పాఠంలో బాణం కీల దాకా చెయ్యి జరపకుండా పాత ఆదేశాలను తెచ్చుకోవడం నేర్చుకున్నాం. బ్యాష్‌లో (మనం కొట్టే ఆదేశాలను చదివి నడిపే ప్రోగ్రామ్) కంట్రోల్-పి నొక్కితే వెనకటి ఆదేశం వస్తుంది, కంట్రోల్-ఎన్ నొక్కితే తర్వాతిది. అదే అలవాటుతో ఇప్పుడు ఒక డాకర్ కంటెయినర్‌లోకి (ప్రోగ్రామ్‌ను మిగతా సిస్టమ్ నుంచి వేరుగా నడపడానికి డాకర్ ఇచ్చే గది లాంటిది) వెళ్లండి. నడుస్తున్న కంటెయినర్‌లో ఆదేశం నడిపే ‘డాకర్ ఎగ్జెక్’కు ఐ, టి ఆప్షన్లు రెండూ ఇచ్చి బ్యాష్ తెరవండి. నాలుగైదు ఆదేశాలు కొట్టాక కంట్రోల్-పి నొక్కి చూడండి. ఏమీ రాదు. ఇంకోసారి నొక్కితే ఒకేసారి రెండు ఆదేశాలు వెనక్కి వెళ్తుంది.

పై బాణం మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తుంది. చాలామందికి ఈ చిక్కు కంటపడకపోవడానికి కారణం అదే. పడినవాళ్లు బ్యాష్ సెట్టింగులు వెతుకుతూ కూర్చుంటారు. తప్పు బ్యాష్‌ది కాదు, కాబట్టి అక్కడ ఎంత వెతికినా దొరకదు.

ఏం జరుగుతోందంటే: మీరు నొక్కిన కీ ఒక సంఖ్యగా మారి ప్రయాణిస్తుంది. అక్షరాలకు సంఖ్యలిచ్చే ఆస్కీ పట్టికలో పెద్దక్షరం పి విలువ 80. కంట్రోల్ తోడైతే అందులో 64 పోయి 16 మిగులుతుంది. ఈ 16 బ్యాష్‌ను చేరాలంటే ముందు డాకర్‌ను దాటాలి. నడుస్తున్న కంటెయినర్‌ను ఆపకుండా బయటికి రావడానికి డాకర్ పెట్టుకున్న గుర్తు కంట్రోల్-పి, వెంటనే కంట్రోల్-క్యూ. అందుకని 16 కనబడగానే, దాని వెనక 17 వస్తుందేమోనని డాకర్ దాన్ని పట్టి ఉంచుతుంది. ఇంకేదైనా కీ వస్తే అప్పుడు రెండింటినీ కలిపి లోపలికి వదులుతుంది. బాణం కీ పంపే బైట్ల వరుస 27తో మొదలవుతుంది కనుక డాకర్ దాని జోలికి పోదు.

నా మాట నమ్మడం కాదు, మీ కళ్లతో చూడండి. కంటెయినర్‌లో ఉత్త ‘క్యాట్’ (ఇచ్చినదాన్ని తిరిగి చూపే ఆదేశం) అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఇప్పుడు కంట్రోల్-పి నొక్కితే తెర కదలదు. తర్వాత ‘ఎ’ అక్షరం కొట్టగానే టోపీ గుర్తు (^), పి, ఎ మూడూ ఒక్కసారే పడతాయి. ఎంటర్ నొక్కి, కంట్రోల్-డితో బయటికి రండి. ఇదే పని కంటెయినర్ బయట చేస్తే టోపీ గుర్తూ పి అక్షరమూ వెంటనే కనిపిస్తాయి. ఏ షార్ట్‌కట్ మొరాయించినా నేను ముందు చేసేది ఈ క్యాట్ పరీక్షే. కీ ఆలస్యంగా వస్తోందా, అసలు రావడమే లేదా అన్నది తేలితే సగం పని అయినట్టే.

ఇక మందు. 2016లో వచ్చిన డాకర్ 1.10 నుంచి ఈ గుర్తును మనమే మార్చుకోవచ్చు. ఒక్కసారికైతే ఆదేశంలోనే డిటాచ్-కీస్ ఆప్షన్ ఇస్తే చాలు. శాశ్వతంగా కావాలంటే మీ హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే డాకర్ ఫోల్డర్ ఉంటుంది, అందులోని కాన్ఫిగ్ జేసన్ ఫైల్ తెరవండి. ‘డిటాచ్‌కీస్’ అనే పేరుతో (ఒకే మాట, కె మాత్రం పెద్దక్షరం) కొత్త విలువ రాయండి. లాగిన్ వివరాలు ముందే ఉంటే వాటిని కదపకుండా మధ్యలో కామా పెట్టడం మరవకండి. డాకర్‌ను రీస్టార్ట్ చేయనక్కర్లేదు. అయితే ఇప్పటికే తెరిచి ఉన్న సెషన్ మారదు, కొత్తగా తెరవాలి.

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. ఆ ఫైల్ ఉండాల్సింది డాకర్ ఆదేశం నడిచే చోట. దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వర్‌కు వెళ్లి అక్కడ డాకర్ నడుపుతుంటే మీ ల్యాప్‌టాప్‌లో మార్చి లాభం లేదు. సుడోతో (రూట్, అంటే నిర్వాహకుడి అధికారంతో) నడిపితే రూట్ హోమ్‌లోని ఫైల్‌ను చదవచ్చు, అదీ చూసుకోండి.

ఏ కీ ఎంచుకోవాలి? కంట్రోల్-ఎ, కంట్రోల్-ఇ బ్యాష్‌లో వరుస మొదటికీ చివరికీ తీసుకెళ్తాయి. కంట్రోల్-జడ్ పనిని నిలిపి ఉంచుతుంది. ఇవి వద్దు. నా ఎంపిక కంట్రోల్-టోపీ గుర్తు, ఆపైన క్యూ. విమ్ ఎడిటర్‌లో రెండు ఫైళ్ల మధ్య దూకడానికి ఆ మొదటి కీ వాడేవారు మాత్రం కంట్రోల్-@ పెట్టుకోవచ్చు. ఈమాక్స్ ఎడిటర్ వాడితే అదీ కుదరదు, అక్కడ మార్క్ (ఎంపిక మొదలయ్యే చోటు) పెట్టేది దానితోనే.

ఇంకో సంగతి. ఎగ్జెక్‌తో తెరిచిన సెషన్ నుంచి ఈ గుర్తుతో బయటపడితే లోపలి ప్రాసెస్ నడుస్తూనే ఉంటుంది, కానీ మళ్లీ దానికి అతుక్కునే దారి లేదు. ‘డాకర్ అటాచ్’ తీసుకెళ్లేది కంటెయినర్ మొదటి ప్రాసెస్ దగ్గరికే.

విఎస్ కోడ్ ఎడిటర్‌లోని టెర్మినల్‌లో కంట్రోల్-పి కొడితే ఫైల్ వెతికే పెట్టె తెరుచుకోవచ్చు. అప్పుడు కీ డాకర్ దాకా కూడా రాలేదన్నమాట, మార్చాల్సింది ఎడిటర్ సెట్టింగు.

సాధన: కొత్త గుర్తు పెట్టి, కొత్త సెషన్‌లో క్యాట్ పరీక్ష మళ్లీ చేయండి. తర్వాత ఆ గుర్తులోని మొదటి కీ ఒక్కటే నొక్కి, ఇప్పుడు ఆగుతున్నది ఏదో గమనించండి. వచ్చే పాఠంలో, ఒకే టెర్మినల్‌లో అనేక సెషన్లు నడిపే టీమక్స్ లోపల ఇంకో టీమక్స్ నడుస్తున్నప్పుడు కంట్రోల్-బి ఏ టీమక్స్‌కు చేరుతుందో చూద్దాం.