లెర్నర్ కార్పస్ లెక్కలు తేడా కొడుతున్నాయా? ముందు బజారు గైడు తెరవండి

డిగ్రీ పిల్లల ఇంగ్లిష్ వ్యాసాలు పోగేసి (ఆ పోగునే లెర్నర్ కార్పస్ అంటారు), తప్పులు లెక్కపెట్టి పీహెచ్‌డీ చేద్దామనుకునే స్కాలర్లు కడప నుంచో కర్నూలు నుంచో ల్యాప్‌టాప్ పట్టుకొని అనంతపురంలో నా దగ్గరికి వస్తూనే ఉంటారు. అందరిదీ ఒకటే మాట, "సార్, లెక్కలు ఎక్కడో తేడాగా ఉన్నాయి." ఆంట్‌కాంక్‌లో, అంటే కార్పస్‌లో మాటలు వెతికి లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్‌లో, ఫైళ్లు ఎక్కించడం, వర్డ్ లిస్టు తీయడం మీకు వచ్చనే అనుకుంటున్నా. రాకపోతే అది నేర్చుకొని రండి, లారెన్స్ ఆంథొనీ ఆ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానే పెట్టారు.

వర్డ్ లిస్టులో "డాన్", విడిగా ఒక "టి" కనిపిస్తున్నాయి. "డోంట్" అనే మాట అపాస్ట్రఫీ దగ్గర విరిగిపోయింది, అంతే. ఫైళ్లన్నీ యూటీఎఫ్-8 ప్లెయిన్ టెక్స్ట్‌గా సేవ్ చేసి, వంకర అపాస్ట్రఫీలన్నీ ఒకే రకంగా మార్చి, టోకెన్ సెట్టింగ్‌లో, అంటే ఏ గుర్తులు మాటలో భాగమో చెప్పే చోట, ఆ గుర్తును చేర్చండి.

ఒక కాలేజీలో తప్పులు ఎక్కువ, ఇంకో కాలేజీలో తక్కువ. మొత్తం మాటలెన్నో చూశారా? 40,000 మాటల్లో 80 తప్పులంటే పదివేలకు 20. 25,000 మాటల్లో 60 అంటే పదివేలకు 24. తక్కువ అనుకున్నదే ఎక్కువ. ఇది ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు.

పిల్లలు ఆర్టికల్స్ మరీ బాగా వాడుతున్నారు, "ఇన్ దిస్ మోడర్న్ వరల్డ్" లాంటి ముక్కలు కుప్పలుగా వస్తున్నాయి. నేను బోల్తా పడింది ఇక్కడే. తెలుగులో "ఏ", "ద" లాంటి ఆర్టికల్స్ లేవు కాబట్టి మన పిల్లలు అక్కడ తడబడతారని నా అంచనా. ఒక కాలేజీ వ్యాసాల్లో చూస్తే సగటున తప్పులు దాదాపు లేవు. నా అంచనా తప్పని సంబరంగా ఒక చాప్టర్ కూడా రాసేశాను. తర్వాత ఒకరోజు కాగితాలు చేత్తో తిరగేస్తుంటే ఒకరి వ్యాసంలో "ఆఫ్ ఆఫ్" అని రెండుసార్లు ఉంది. పొరపాటులే అనుకున్నా. తర్వాతి కాగితంలో అదే వాక్యం, అదే "ఆఫ్ ఆఫ్". మొత్తం 23 మంది! టవర్ క్లాక్ దగ్గర జిరాక్స్ షాపులో ఆ సెమిస్టర్ గైడు కొని తెరిస్తే, పర్యావరణం వ్యాసం రెండో పేరాలో అచ్చుతప్పు నిక్షేపంగా కూర్చుని ఉంది. పిల్లలు దాన్ని కూడా బట్టీ పట్టేశారు. నేను కొలిచింది గైడు రాసినాయన ఇంగ్లిష్‌ని. బట్టీ అయిపోయిన చోట, అంటే చివరి పేరాలో, సొంత వాక్యాలు మొదలవగానే "ఏ" లేకుండా "హి ఈజ్ డాక్టర్" వచ్చేసింది. సగటు తీసేసరికి అది కనబడకుండా పోయింది.

పట్టుకోవడం కష్టం కాదు. నాలుగైదు మాటల ముక్కలను ఎన్-గ్రామ్స్‌లో తీయండి. ఎన్నిసార్లు వచ్చిందో చూసి ఆగిపోకుండా ఎన్ని ఫైళ్లలో వచ్చిందో, అంటే రేంజ్ కూడా చూడండి. తర్వాత ఆ ముక్క ఫైల్లో ఏ చోట వచ్చిందో గీతలుగా చూపించే ప్లాట్ తెరవండి. ఒకే కాలేజీ ఫైళ్లలో, ప్రతి ఫైల్లోనూ దాదాపు అదే చోట గీత పడితే అది బట్టీయే. ప్రశ్నలోని మాటలనే పిల్లలు తిరిగి రాసి ఉండొచ్చు, ప్రశ్నపత్రం కూడా పక్కన పెట్టుకోండి. దొరికిన వ్యాసాలను పారేయకండి, వేరే ఫోల్డర్లో ఉంచండి. బట్టీ మీద ఇంకో పేపర్ రాయొచ్చు, కానీ తప్పుల లెక్కలో మాత్రం కలపొద్దు.

సిల్వియాన్ గ్రేంజర్ బెల్జియంలోని లూవాన్‌లో 1990లో మొదలుపెట్టిన ఐసీఎల్‌ఈ అనే లెర్నర్ కార్పస్‌లో, వ్యాసం టైం పెట్టి రాయించారా, డిక్షనరీలాంటివి చూశారా అని ప్రతి విద్యార్థి చేతా ఒక ఫారం నింపించారు. షిన్‌ఇచిరో ఇషికావా తయారుచేసిన ఇంకో కార్పస్ ఐసీఎన్‌ఏఎల్‌ఈలో వ్యాసాలకు రెండే టాపిక్‌లు, 20 నుంచి 40 నిమిషాల టైం, డిక్షనరీ బంద్. మనవాళ్లు థీసిస్‌లో ఈ పేర్లన్నీ రాస్తారు, ఆ ఫారం మాత్రం నింపించరు. మన ఫారంలో ఇంకో గడి కూడా కావాలి: గైడు, నోట్సు ఏమైనా చదివారా?

మిగతావి అరుదు. డీటీపీ షాపులో టైప్ చేయిస్తే ఆటోకరెక్ట్ ఆపమనండి, లేకపోతే పిల్లల స్పెల్లింగులన్నీ ఆపరేటరే దిద్దిపెడతాడు. సాఫ్ట్‌వేర్ లెక్క తప్పిందని మాత్రం నాతో అనకండి, ఇంతవరకు నేను చూళ్లేదు.

మళ్లీ సేకరించాల్సి వస్తే గైడులో ఉండని టాపిక్ ఇవ్వండి. నేను "మీ ఊరి బస్సు టైముకి రాకపోతే ఏం చేస్తారు" అని ఇచ్చాను, క్లాసులోనే కూర్చోబెట్టి 40 నిమిషాలు రాయించాను. టాపిక్ ముందురోజు ఎవరికీ చెప్పకండి. అక్కడి లెక్చరర్‌కి అసలే చెప్పకండి, పాపం పిల్లలు ఇబ్బంది పడతారని ఆయనే సాయంత్రానికి నోట్సు ఇచ్చేస్తాడు.