ముందు డిస్క్ బ్రేక్ మెత్తగా దిగుతోందా?

బ్రేక్ ఆయిల్ మార్చాక కూడా ముందు బ్రేక్ లివర్ స్పాంజిలా మెత్తగా నొక్కుకుపోతుంటే, గొట్టంలో సన్నని గాలి బుడగలు మిగిలాయని అర్థం. మళ్లీ మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు ఒక రాత్రి ఇలా చేసి చూడండి.

బండికి సైడ్ స్టాండ్ వేసి, హ్యాండిల్‌ను ఎడమకు తిప్పండి. హ్యాండిల్ మీది బ్రేక్ ఆయిల్ డబ్బా మూత బిగించి ఉండాలి. లివర్‌ను రెండు మూడు సార్లు నొక్కి, మామూలుగా బ్రేక్ వేసేంత బలంతో పట్టుకుని, పాత సైకిల్ ట్యూబు ముక్కతో హ్యాండిల్‌కు కట్టేయండి. తాడు కన్నా ఇదే నయం, రబ్బరు కాబట్టి పట్టు సడలదు. తాళం తీసేయడం మరవద్దు, లేకపోతే బ్రేక్ లైటు వెలిగి బ్యాటరీ దిగిపోతుంది. పొద్దున్నే కట్టు నెమ్మదిగా విప్పి, లివర్‌ను చిన్నగా పది సార్లు కదపండి. రాత్రంతా పైకి చేరిన బుడగలు డబ్బాలోకి వెళ్లిపోతాయి, లివర్ గట్టిపడుతుంది. మట్టం తగ్గితే మూత మీద రాసి ఉన్న రకమే, డాట్ 3 లేదా డాట్ 4, కొత్త సీసాలోంచి పోయండి. చుక్క ట్యాంకు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగండి.

గొట్టం కీళ్ల దగ్గరో, కాలిపర్ (చక్రం దగ్గర డిస్క్‌ను పట్టే భాగం) దగ్గరో తడి కనిపించినా, నొక్కి పట్టుకున్న లివర్ మెల్లగా కిందికి జారినా ఈ పద్ధతి పనికిరాదు. అది సీలు పోయిన లక్షణం. ఆ బండిని నడపకుండా బాగు చేయించండి.