నాణెం నల్లబడితే, పచ్చబడితే, అనుమానం వస్తే: సమస్యలు - పరిష్కారాలు

మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఐదో జార్జి బొమ్మ ఉన్న 1918 నాటి వెండి రూపాయి దొరికేసరికి నాకు పద్నాలుగేళ్ళు. నల్లగా ఉందని పళ్ళపొడి వేసి అరగంట తోమాను. పండక్కి తోమిన గిన్నెలా తళతళలాడింది. చాలా ఏళ్ళ తర్వాత పాత నాణేలు కొనే ఒకాయనకు చూపించాను. ఆయన భూతద్దం ఒక్కసారి పెట్టి చూసి, "తోమేశారు కదండీ, వెండి రేటుకైతే తీసుకుంటాను" అన్నాడు. కింద రాసినవాటిలో సగం ఇలా చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నవే.

ముందు మూడు వస్తువులు దగ్గర పెట్టుకోండి: 10 రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, 0.01 గ్రాము దాకా చూపించే చిన్న త్రాసు, ఒక అయస్కాంతం. ఆల్బమ్‌కంటే ముందు కొనాల్సినవి ఇవే.

వెండి నాణెం నల్లబడింది

కారణం: గాలిలోని గంధకం వెండిమీద సల్ఫైడ్ పొర కట్టింది. రబ్బరు బ్యాండు, న్యూస్‌పేపరు, ఉన్ని బట్ట, వంటింటి పక్క అల్మరా దీన్ని తొందరపెడతాయి.

పరిష్కారం: నాణేనికి ఏమీ చేయకండి. ఒకే తీరుగా పట్టిన నలుపు నాణేనికి రక్షణే, కొనేవాళ్ళు కూడా దాన్నే ఇష్టపడతారు. మార్చాల్సింది అది ఉండే చోటు. విభూతి, టూత్‌పేస్టు, చింతపండు దేవుడి సామాన్లకే ఉంచండి. "కుంకుడు రసం మెత్తనిదే కదా" అంటారు కొందరు. రసం మెత్తనిదే, కానీ నురుగులో వేలితో రుద్దుతాం చూడండి, గీతలు పడేది అక్కడే. వంటసోడా, అల్యూమినియం రేకు చిట్కాతో నలుపు పోతుంది, దాంతోపాటు టంకశాల నుంచి వచ్చిన మెరుపూ పోయి నాణెం జీవం లేకుండా కనిపిస్తుంది.

లక్ష్మీపూజలో పెట్టిన రూపాయలకు పసుపు కుంకుమలు అంటుకుని ఉంటాయి. వాటిని డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రాత్రంతా నానబెట్టి, మెత్తని నూలుగుడ్డతో అద్దండి. తుడవద్దు, అద్దండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి అమ్మే డిస్టిల్డ్ వాటర్ చాలు.

నాణెంమీద పచ్చదనం

ఎక్కువ నాణేలు పాడయ్యేది ఇక్కడే. ఎందుకంటే పచ్చగా కనిపించేదంతా ఒకే చిలుము కాదు, మందు కూడా ఒకటి కాదు. పచ్చదనం ఎలా ఉందో ముందు చూడాలి.

జిగటగా, జిడ్డులా ఉంటే తప్పు మీ ఆల్బమ్‌ది. మెత్తగా వంగే, కొత్త రెక్సిన్ వాసన కొట్టే చవక ప్లాస్టిక్ పేజీలు పీవీసీవి. వేడికి ఆ ప్లాస్టిక్ నుంచి కారేది రాగి కలిసిన ఏ లోహాన్నైనా తింటుంది. మన ఎండాకాలంలో బీరువా లోపలి వేడి చెప్పక్కర్లేదు కదా. దీనికి మందు శుద్ధమైన అసిటోన్. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడొద్దు, అందులో రంగూ నూనే వాసనా కలుపుతారు. గాజు గిన్నెలో అసిటోన్ పోసి, నాణెం వేసి, మూతపెట్టి పదిహేను నిమిషాలు ఉంచండి. తర్వాత కొత్త అసిటోన్‌లో ఇంకోసారి ముంచి ఆరనివ్వండి. కిటికీ తెరిచి ఉండాలి, దగ్గర్లో స్టవ్ గానీ దీపం గానీ వెలగకూడదు. ఆల్బమ్‌ను మాత్రం మొహమాటం లేకుండా పారేయండి. కొత్తది కొనేటప్పుడు "పీవీసీ లేనిది" అని గట్టిగా అడగండి.

లేత పచ్చని పొడిలా ఉండి, దులిపినా మళ్ళీ పూస్తోందా? అది రాగి, కంచు నాణేలకు వచ్చే రోగం. లోహంలోకి దిగిన క్లోరైడు ఉప్పు గాలిలో తేమ తగిలినప్పుడల్లా లోపల్నుంచి కొరుకుతుంది. ఆ నాణేన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి. డిస్టిల్డ్ వాటర్‌లో వేసి, నీళ్ళు మారుస్తూ వారాల తరబడి నానబెట్టాలి. పూర్తిగా ఆరాక తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో గాలి చొరబడని డబ్బాలో పెట్టాలి. పూర్తిగా నయమవుతుందన్న భరోసా లేదు కాబట్టి నెలకోసారి తీసి చూడండి. మా ఇంట్లో ఒక చిల్లికాణీ, 1943 నుంచి 1947 దాకా కొట్టిన ఆ నడిమి చిల్లు కంచు కాణీ, రెండేళ్ళుగా ఇలా విడి డబ్బాలోనే ఉంటోంది.

గట్టిగా, నున్నగా, ముదురు రంగులో ఉన్న పచ్చదనం వేరు. అది దశాబ్దాలుగా స్థిరపడిన పొర. దాని జోలికి పోవద్దు.

పాత ఐదు పైసలు, పది పైసల మీద తెల్లటి గుంటలు

ఇవి అల్యూమినియంవి. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కలిసి గుంటలు పెడతాయి. విశాఖ, కాకినాడ వైపు ఇళ్ళలో ఇది మామూలే. పడిన గుంట పూడదు. వాషింగ్ సోడా కలిపిన నీళ్ళలో వేస్తే అల్యూమినియం ఇంకా కరుగుతుంది. అవి దొరకనివేం కావు, మంచివి చూసి మార్చుకోండి.

రూపాయి అయస్కాంతానికి అంటుకుంది, నకిలీనా?

ముందు సంవత్సరం చూడండి. 1947 రూపాయి నికెల్‌ది, అంటుకుని తీరాలి. 1992 తర్వాతి స్టీలు రూపాయీ అంతే. ఐదో జార్జి వెండి రూపాయి అంటుకుంటే మాత్రం మోసపోయినట్టే.

అంటుకోనంత మాత్రాన అసలుదని కూడా కాదు, ఇత్తడీ అంటుకోదు. అందుకే త్రాసు. 1835 నుంచి 1939 దాకా బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. వాడకంలో అరిగి కొంచెం తగ్గొచ్చు. బరువు సరిపోయినా అనుమానం తీరకపోతే చిన్న నీళ్ళ పరీక్ష ఉంది. త్రాసుమీద గ్లాసు నీళ్ళు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో అడుగు తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. మంచి వెండి రూపాయికి త్రాసు సుమారు 1.13 గ్రాములు చూపిస్తుంది. అదే బరువున్న ఇత్తడి అయితే 1.37 దాకా పోతుంది.

1940 నుంచి బరువు అదే ఉంచి వెండిని సగానికి తగ్గించారు. ఆ రూపాయికి కంసాలి సగం రేటు చెబితే కోపం తెచ్చుకోకండి, ఆయన చెప్పింది నిజమే. నిజాం చార్మినార్ రూపాయి 11.18 గ్రాములే తూగుతుంది, రెండో ప్రపంచ యుద్ధానికి ముందువాటిలో వెండి 81.8 శాతం. బరువు తగ్గిందని దాన్ని నకిలీ అనేవాళ్ళను చూశాను. బ్రిటిష్ కొలతతో హాలీ సిక్కాను, అంటే నిజాం నాణేన్ని, తూచితే అలాగే ఉంటుంది మరి. దానిమీది చార్మినార్ ద్వారంలోని ఉర్దూ అక్షరం చూడండి: 'మీమ్' (م) ఉంటే నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, 'ఐన్' (ع) ఉంటే ఆయన తర్వాతి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది.

అంచున పై భాగంలో నున్నటి మచ్చ

ఆ నాణేనికి ఒకప్పుడు కొండీ పెట్టి మెడలో వేసుకున్నారు. తర్వాత కొండీ ఊడదీసి టంకం అరగదీశారు. అమ్మేవాడు ఈ ముక్క చెప్పడు. వెండి ధరకు మించి ఇవ్వకండి.

ఈస్టిండియా కంపెనీ పేరు, వెనక హనుమంతుడు, 1818

కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ కొట్టలేదు. రామ పట్టాభిషేకం ఉన్నా, 1616 అని ఉన్నా అంతే, ఎవరో తర్వాత తయారుచేసి అమ్మిన బిళ్ళలు. "బియ్యాన్ని లాగుతుంది" అంటూ లక్షలు అడిగేవాళ్ళుంటే ఆ గదిలోంచి లేచి వచ్చేయండి.

"మీ వైష్ణోదేవి నాణేనికి పది లక్షలిస్తాం" అని ఫోను

అది మామూలుగా చెలామణిలోకి వచ్చిన నాణెం. ఫోను చేసినవాడు తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు అంటాడు, ఆపై పన్ను అంటాడు. తన పేరు వాడుకుని ఇలా కమీషన్లు అడుగుతున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. కొనేవాడు డబ్బు ఇవ్వాలి గానీ అడగడమేంటి? ఇప్పటికే పంపేసి ఉంటే టెన్షన్ పడుతూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నక్షత్రం ఉంది, అరుదైనదా?

తేదీ కింద నక్షత్రం అంటే హైదరాబాద్ టంకశాల. మన ఊళ్ళలో చిల్లరలో ఎక్కువ తిరిగేది అదే. వజ్రం ముంబై, చుక్క నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా.

అమెరికాలో ఉన్న అబ్బాయి తాతగారి నాణేలు అడుగుతున్నాడు

వందేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు. సొంత ఆస్తే అయినా దేశం దాటించడం నేరం. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి పంపడం, పోస్టులో వేయడం రెండూ వద్దు. ఫోటోలు తీసి పంపండి, నాణేలు ఇక్కడే ఉంచండి. ఇల్లు కట్టడానికి తవ్వుతుంటే నాణేల కుండ బయటపడినా ఇలాంటిదే: లంకెబిందెల కథలు పక్కనపెట్టి కలెక్టరుకు తెలియజేయాలి, 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది.